ఫైటరు చేపకు పొరుగువారు

విజయనగరం గంటస్తంభం వీధిలో ఉమాపతి బట్టలకొట్టుకు వచ్చే ఆడవాళ్ళు, అరవై ఏడో సంవత్సరం నుంచి, చీరలకంటే ముందు గల్లాపెట్టె పక్కనున్న చిన్న గాజుతొట్టెను చూసేవారు. అందులో ముదురు నీలం రంగు ఫైటరు చేప ఒకటి, పట్టుచీర కుచ్చిళ్ళలాంటి తోకను విప్పుకొని తిరిగేది. సరుకు కోసం కలకత్తా వెళ్ళిన ఉమాపతి దాన్ని సీసాలో వేసుకొని, హౌరా మెయిల్లో ఆ సీసాను ఒళ్ళోంచి దించకుండా తెచ్చాడు. తేవడం వరకే ఆయన వంతు. సాకడం భార్య పార్వతీదేవి పని.

పార్వతీదేవి సాలూరు పిల్ల. లారీలకు సరుకు కుదిర్చే వర్తకుడి కూతురు. భర్త ఊళ్ళో లేని ఒక పూట పెళ్ళివారు వస్తే తానే కూర్చుని చీరలు చూపింది. వాళ్ళు మధ్యాహ్నానికల్లా మూటలు కట్టించుకొని సంతోషంగా వెళ్ళారు. నాటి నుంచి ఆడవాళ్ళ వైపు బేరం ఆమెదే అయింది. ఆమె పెట్టిన నియమం ఒకటి వీధివాళ్ళందరికీ తెలుసు. రెండు పెళ్ళిబృందాలను ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. ఒకరి ముందు పరచిన పట్టు మీద రెండోవారి కన్ను పడితే బేరం రెండు వైపులా చెడుతుంది. అదే పట్టు చూసేవారి పక్కన నేతచీరలు చూసేవారు కూర్చుంటే ఎవరి గొడవ వారిది.

అత్తగారు తాతమ్మకు చేప సంగతి మొదటే గిట్టలేదు.

"ఒసే పార్వతీ, నీసు ముట్టని కొంపలో సేపేటే?"

"కూరకి కాదు కదత్తా, సూడ్డానికి."

"సూడ్డానికైతే ఉండనీ. గానీ మన సేతిలో ఒక్క పేణం పోయిందా, తొట్టె గడప దాటాల. ఆ పాపం నేనొప్పను."

పెరటి తొట్టెలోని దోమపిల్లలే ఆ చేపకు తిండి అన్న సంగతి ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

ఆ ఇంట్లో తాతమ్మ మాటకు తిరుగులేదు. తొట్టె పోతే బేరం కొంత తగ్గుతుందన్నది పార్వతీదేవి బెంగ కాదు. కొట్లో ఆమె తన ఇష్టప్రకారం ఉంచుకొన్న వస్తువు అదొక్కటే. అది ఓడితే, ఆడమనిషికి కొట్టు ఎందుకని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళంతా మళ్ళీ నోరు విప్పుతారు.

ఎదురుగా పాత్రల కొట్టు జగన్నాధానిది. ఉమాపతిని బావా అని పిలిచే చనువు ఆయనకుంది.

"ఏటి సెల్లెమ్మా, కలకత్తా నుంచి పెళ్ళికొడుకుని తెచ్చి ఒంటరిగా కూకోబెట్టీసినారు? ఈ జిల్లాలో సంబంధాలే లేవా?" అని రోజూ వీధికి వినబడేలా అడిగేవాడు.

ఆ ఎగతాళి పడలేక ఉమాపతి విశాఖపట్నం వెళ్ళి గప్పీ చేపలు తెచ్చాడు. వాటి తోకలు విసనకర్రల్లా రంగురంగులుగా ఉన్నాయి. మెరిసేదాని పక్కన మెరిసేది పెడితే రెండూ ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయన్నది బట్టల వర్తకుడి లెక్క. పార్వతీదేవికీ ఆ ఎంపిక ముచ్చటగానే తోచింది. దీపాలు పెట్టే వేళకు ఫైటరు కొరికి ఒక గప్పీ తోక అంచు పీలికలయింది. ఆమె చెయ్యి పెట్టి గప్పీలన్నిటినీ ఇత్తడి గంగాళంలోకి మార్చింది. ప్రాణాలైతే దక్కాయి.

"ఇంకొక్క పాలి సూడు," అంది తాతమ్మ. "ఆ పైన నన్నడగొద్దు."

ఆ వారంలోనే ఎవరో చీర భుజాన వేసుకొని చూసుకోవడానికి కొట్లోని నిలువుటద్దాన్ని పక్కకు తిప్పారు. అద్దం తొట్టెకు ఎదురైంది. చేప మొప్పలు విచ్చుకొని, తోక బిగించి, గాజు మీదికి దూకింది. పార్వతీదేవి అద్దాన్ని మళ్ళించింది. చేప చల్లబడింది. మళ్ళీ తిప్పి చూసింది. మళ్ళీ అదే రోషం. ఆమె చేతిలోని చీర మడత అలాగే ఉండిపోయింది.

"ఏమండీ, మన కొట్టు నియమం మనమే తప్పినాం," అంది ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. "తనలాటోడు ఎదురుగా కూకున్నాడని దానికి కోపం. ఇద్దరు పెళ్ళికొడుకుల్ని ఒక్క పీట మీద కూకోబెట్టీసినాం."

"మరైతే ఎవర్ని తెద్దాం?"

"మెరవనోళ్ళని. పెద్ద తోక లేనోళ్ళని. ఇది పైన తిరుగుతాది, ఆళ్ళు అడుగున ఉండాల."

రామతీర్థం దగ్గరి రైతు అసిరయ్య పంచెలకు వచ్చినప్పుడు, కాలవలో చిన్న చేపలు పట్టి తెమ్మని అడిగింది.

"సావుకారమ్మా, మీరు కూడా నీసు మొదలెట్టీసినారేటి?"

"నోర్ముయ్, అసిరయ్యా. బతికున్నవే కావాల."

అతను కుండెడు తెచ్చాడు. ఆమె గిన్నెలో పోసి ఒక్కొక్కదాన్నే చూసింది. వెండిలా మెరిసే పరిగెలు తిరుగుప్రయాణం కట్టాయి. "పెరిగితే ఇది దాన్నే మింగీస్తాది" అని కొర్రమీను పిల్లనూ పంపేసింది. అడుగున ఇసుకలోకి దూరే సన్నటి మట్టిరంగు చేపలు రెండు మూడు, కొన్ని నత్తలు మాత్రం మిగిలాయి. ఇంకొన్ని ఉంచమన్నాడు ఉమాపతి. తొట్టె చిన్నది, వద్దంది.

వెంటనే నీళ్ళలో వదలలేదు. గాజుసీసాలో వేసి తొట్టెకు ఆనించి పెట్టింది. ఫైటరు వచ్చి చూసింది. మొప్పలు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. అప్పుడు తొట్టెలో ఇసుక పోసి, దాక్కోవడానికి పెంకుముక్కలు పేర్చి, వాటిని వదిలింది. తాతమ్మ పీట తెప్పించుకొని తొట్టె ముందే కూర్చుంది. జగన్నాధం గడపలో నిలబడ్డాడు.

నీలపు చేప కిందికి దిగింది. ఒక మట్టిరంగు చేపను చుట్టి వచ్చింది. అది ఇసుకలోకి ముక్కు దూర్చి తన పని తాను చూసుకొంది. ఫైటరు తిరిగి పైకి వెళ్ళి తోక విప్పుకొంది.

"ఇవేటి, ఇంత నల్లగున్నాయి?" అన్నాడు జగన్నాధం.

"మీరు సంబంధమడిగినారు, అన్నయ్యా. నేను పొరుగోళ్ళని కుదిర్సినాను," అంది పార్వతీదేవి.

వానలు వెళ్ళి చలి వచ్చినా తొట్టెలో ఏ ప్రాణానికీ ముప్పు రాలేదు. తొట్టె గడప దాటలేదు. ఒకనాడు శ్రీముఖలింగం నుంచి వచ్చిన చుట్టాలకు తాతమ్మ దాన్ని చూపిస్తూ, "ఎవరి పక్కన ఎవర్ని కూకోబెట్టాలో మా పార్వతికి తెలుసు. ఆ పెళ్ళోరొచ్చిన రోజు కొట్లో కూకోమన్నది నేనే," అంది.

ఆ రోజు కూర్చోమన్నది ఆమె కాదు. ఉమాపతి భార్య వైపు చూశాడు. పార్వతీదేవి తల వంచుకొని చీర మడతపెడుతోంది. ఆ మడత అంచుకు అంచు చక్కగా కుదిరింది.