నీలగంగ రెండు చదువులు

మా ధారవాడలో చదువుకునే పిల్లలకు కొదవ లేదు. వాళ్లలో సగం మంది నా ఖానావళిలో తిన్నవాళ్లే. కానీ నీలగంగలా భయపడుతూ తిన్న పిల్లను నేను చూడలేదు. వీధి వైపు కళ్లు పెట్టి జొన్నరొట్టె గబగబా కుక్కుకునేది. బయట చెప్పుల చప్పుడైతే చాలు, నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయేది.

నవలగుంద దగ్గరి పల్లెలో బండిచక్రాలు చేసే వడ్రంగి కూతురు. పొద్దున లా కాలేజీ, మధ్యాహ్నం యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే. అప్పట్లో రెండు డిగ్రీలు ఒకేసారి చదవకూడదు. బయటపడితే రెండూ పోతాయి. ఈ సంగతి నాకు తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. లా కాలేజీ తెల్లబట్టలు నా వంటింట్లో మార్చుకుని, చీర కట్టుకుని ఎమ్మేకి పరిగెత్తేది.

"ఏమే, నీకిదేం పోయేకాలం? ఒకటి చదివి ఏడవరాదూ!" అని ఒకరోజు తిట్టాను.

"ఏది అన్నం పెడుతుందో ఎవరికి తెలుసు గురవ్వా? ఒకటి వదిలేశాక రెండోది మోసం చేస్తే? మా నాన్న దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోను?"

ఇంకో రొట్టె వేసి ఊరుకున్నాను.

ఎమ్మే ఆఖరి వైవా రోజు వచ్చింది. బయటి ఊరి నుంచి వచ్చే పరీక్షకుడికి భోజనం నా దగ్గరే. ఆ ఏడాది వైవాకు వెళ్లే పిల్లలే వడ్డించాలి, భోజనాలయ్యాక పెద్దల కాళ్లకు మొక్కి పరీక్షకు వెళ్లాలి. అది వాళ్ల ఆనవాయితీ. చరిత్ర శాఖ పెద్ద పాటీల్ సారు అతిథిని తీసుకొచ్చారు. దారిలో కలిసిన స్నేహితుణ్ణి కూడా భోజనానికి లాక్కొచ్చారు.

తలుపు సందులోంచి చూసిన నీలగంగ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్వా, ఆ మూడో ఆయన హిరేమఠ సారు. లా కాలేజీలో మాకు పాఠం చెప్పేది ఆయనే."

"పెరటి దారిన పో!" అన్నాను.

"పోతే వైవా పోతుంది. వైవా పోతే ఎమ్మే పోయినట్టే."

అంతలోనే పాటీల్ సారు కేక. "మా నీలగంగ ఏదీ? క్లాసులో ఫస్టు ఆ పిల్లే. గుత్తొంకాయ ఆమె చేత్తోనే పడాలి!"

కొంగు నెత్తిమీదికి లాక్కుని వడ్డించింది. హిరేమఠ సారు కబుర్లలో పడి తలెత్తలేదు. హమ్మయ్య అనుకున్నాను.

తాంబూలాల దగ్గర కొంప మునిగింది. పిల్ల పాటీల్ సారుకు మొక్కింది, అతిథికి మొక్కింది. అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ వరసలో కూర్చున్న పెద్దాయన్ను దాటిపోవడం మా పిల్లలకు చేతకాదు. మూడో ఆయన కాళ్ల మీదికీ వంగింది, మొద్దు మొహం!

ఆయన తల మీద చెయ్యిపెట్టి మొహం చూశారు. "ఓహో, నువ్వా! నల్లకోటు తొందరగా ఒంటిమీదికి రావాలి తల్లీ!"

పాటీల్ సారు చేతిలో ఆకు ఆగిపోయింది. "నల్లకోటేంటి? ఈమె మా ఎమ్మే పిల్ల కదా?"

నీలగంగ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"సార్, సున్నం కావాలా సార్?" అని నేను అడ్డంపడి అరిచాను.

హిరేమఠ సారు ఆ పిల్లనే చూస్తూ కాసేపు నమిలి, నవ్వారు. "మా పిల్లనుకున్నానయ్యా. పొద్దస్తమానం వాళ్లని దీవించి దీవించి నోటికి అదే వస్తోంది."

అతిథి కూడా నవ్వాడు. పాటీల్ సారు మాత్రం నవ్వలేదు. పిల్లను ఒకసారి ఎగాదిగా చూసి ఆకు నోట్లో పెట్టుకున్నారు.

వైవా గట్టెక్కింది. ఎమ్మే ఫస్టు క్లాసు, తర్వాత లా కూడా పాసే. పాటీల్ సారు ఏనాడూ ఆ ఊసెత్తలేదు. పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే దానికి మనసు కుదుటపడేది. ఆయన కనుక్కున్నారో, నమ్మారో, ఎప్పుడైనా ఎవరితోనైనా అంటారో తెలియకపోవడమే దాన్ని తినేసింది.

ఇప్పుడు రెండూ చదవొచ్చట. నా బల్లల దగ్గర కూర్చుని పిల్లలు గొప్పగా చెప్పుకుంటున్నారు. మొన్న ఇంటి తగాదా పని మీద హుబ్బళ్లిలో లాయర్ నీలగంగ ఆఫీసుకు వెళ్లాను. గోడ మీద పెద్ద బోర్డు. పేరు, పక్కన బీయే, ఎల్‌ఎల్‌బీ. అంతే.

"ఎమ్మే ఏదే? ఫస్టు క్లాసు కదా!" అన్నాను.

లేచి వెళ్లి తలుపు మూసింది.

"మెల్లిగా అవ్వా," అంది.