రోడ్డుకు అవతల నిలబడే పని

ముప్పై ఏళ్ల పాటు నాన్న, కాకా కలిసి బిలాస్‌పూర్‌ దుకాణాలకు బోర్డులు, చుట్టుపక్కల మిల్లుల బియ్యం సంచులకు గుర్తులు తయారుచేశారు. కాకా మాకు బంధువు కాదు, ఛత్తీస్‌గఢీ ఆయన, నాన్నకు వ్యాపారంలో భాగస్వామి. నాన్న గీసేవారు. కాకా రోడ్డు దాటి, అవతలి కిళ్లీ కొట్టు దగ్గర నిలబడి చూసేవారు. చెయ్యెత్తితే బొమ్మ అచ్చుకు వెళ్లేది. తల అడ్డంగా ఊపితే నాన్న మళ్లీ మొదలుపెట్టేవారు. కారణం ఆయన చెప్పరు, ఈయన అడగరు. సంచులు మోసే హమాలీలు గుర్తును దూరం నుంచే పోల్చుకోవాలి, అందుకే ఆ దూరం.

మొన్న చలికాలంలో కాకా పోయారు. కొట్లో కంప్యూటర్ పని నాది కాబట్టి వ్యాపారమంతా వారసత్వంగా వస్తుందనుకున్నాను. రోడ్డు దాటే పని వచ్చింది.

బిల్హా మిల్లువాళ్లు సంచి మీదికి కొత్త చిలక కావాలన్నారు. నాన్న మూడు రోజులు గీశారు. ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. అమ్మ మాత్రం టీ గ్లాసు సగమే నింపుతోంది.

"ఎల్లి సూడు," అన్నారు నాన్న.

"చిలకేగా నాన్నా, అట్ట మీంచి ఎగిరిపోదులే."

"జోకులు తర్వాత. ముందు ఎల్లు."

ఆటోలు ఆగలేదు. అదే మేలనిపించింది, భయపడటానికి ఇంకాస్త సమయం దొరికింది. కిళ్లీ కొట్టు దగ్గరికి చేరి వెనక్కి తిరిగాను. నాన్న అట్టను గుండెలకు ఆనించి పట్టుకున్నారు. చిలక మెడ దగ్గర గీత వంకరపోయింది. దగ్గర్నుంచి తెలియలేదు గానీ, ఇక్కడి నుంచి చూస్తే దానికి చలిజ్వరం వచ్చినట్టుంది.

చెయ్యెత్తితే ఆ వణుకు వేల సంచులకెక్కుతుంది. తల ఊపితే, నీ చెయ్యి పోయింది నాన్నా అని నడిబజార్లో చెప్పినట్టే.

"క్యా చాహియే, బిటియా?" అన్నాడు కొట్టతను.

ధైర్యం ఉందా అని అడుగుదామనుకుని, సోంపు అడిగాను.

తల అడ్డంగా ఊపాను.

నాన్న అట్ట దించారు. నేను పరుగున ఇవతలికి వచ్చాను. దారిలో ఒక ఆటోవాడు తిట్టాడు కూడా, అప్పుడు అది చాలా చిన్న విషయం.

"ఏటి తప్పు?" అన్నారు. కాకాను ఎన్నడూ అడగని ప్రశ్న.

"మెడ."

ఆయన అట్ట బల్ల మీద పెట్టి పెన్సిల్ నా వైపు జరిపారు. "అచ్ఛా. మెడ నువ్వు గియ్యి. నేను అటెల్తాను."

"నాకు మౌస్ పట్టడం తప్ప రాదు నాన్నా."

"అదీ సూస్తాను."

ఆ సాయంత్రం దాకా నాన్న కిళ్లీ కొట్టు దగ్గర నిలబడి తల అడ్డంగానే ఊపారు.