షోన్‌బర్గ్ వంశం

వియన్నాలో గొడుగులు బాగుచేసే ఇజిడోర్ షోన్‌బర్గ్‌కి ఇంటిపేరే పెద్ద తలనొప్పి. పని చేసేటప్పుడు గుండుసూదులు పళ్ల మధ్య బిగించుకుంటాడు. వచ్చినవాళ్లు సంగీతం రాసే ఆ షోన్‌బర్గ్ మాటెత్తితే చాలు, వాటిని ఒక్కొక్కటే తీసి బల్లమీద పేర్చి, "ఆయన మాకేమీ కారండీ," అని, మళ్లీ ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంటాడు. పన్నెండేళ్లుగా ఇదే జవాబు.

మొన్న పక్క బేకరీ హావ్లిక్‌తో కలిసి ఆ షోన్‌బర్గ్ కచేరీకి వెళ్లాడు, వినడానికి కాదు, ఈల వేయడానికి. పాట నచ్చకపోతే వీధి తలుపు తాళంచెవి బోలు గొట్టంలోకి ఊది ఈలలతో గోల చేయడం ఊళ్లో ఆనవాయితీ. ఇజిడోర్ తన తాళంచెవిని ముందురోజే బూడిదతో తోమి ఉంచుకున్నాడు. వాయిద్యాలు మొదలయ్యాయి. పిల్లుల గుంపు సత్తుగిన్నెల మీద పడ్డట్టుంది. తాళంచెవి పెదాలకి ఆనించాడో లేదో, పక్కనే హావ్లిక్ లేచి వేదికకేసి, "ఒరేయ్ షోన్‌బర్గ్! మీ వంశంలోనే ఎవడికీ చెవుల్లేవురా!" అని అరిచాడు. ఇజిడోర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గొడుగెత్తి హావ్లిక్ టోపీని కళ్లదాకా దిగ్గొట్టాడు.

"వంశం జోలికొస్తే ఊరుకోను!"

"నిన్నన్నానటయ్యా? ఆ పాటలాయన్ని కదా!"

"ఎవర్నైతేనేం!"

మర్నాడు విరిగిన గొడుగుతో వచ్చిన పెద్దావిడ, "ఆ సంగీతం ఆయన మీకేమైనా అవుతారా?" అని అడిగింది. ఇజిడోర్ గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్లమీద పేర్చాడు.

"మావాడేనండీ. కాస్త మొండి, అంతే."