గురువారపు దీపం

మూతపడిన మిల్లును అమ్మివేసే వ్యాజ్యంలో, అప్పిచ్చినవాడూ కార్మికుడూ కాకపోయినా, మూడో పక్షంగా నిలిచిన మా వీధి దర్జీని మరువలేను. మిల్లు ఆవరణలోని ఒక సమాధి వద్ద ప్రతి గురువారమూ చెప్పులు విడిచి దీపం పెట్టేవాడు. ఆ జాగాను అమ్మకం నుండి తప్పించమని అర్జీ రాసిస్తూ, అడగకుండానే ‘తల్లి సమాధి’ అని రాశాను. చదువురాని అతడు వేలిముద్ర వేశాడు.

“మీ తల్లిదేనా?” అని న్యాయమూర్తి అడిగారు.

“కాదు సాబ్. మిల్లు కట్టంగ సచ్చిపోయిన కూలామెది. పేరు గూడ తెల్వది.”

నేను నిర్ఘాంతపోయాను. దర్జీ తరఫు వకీలు తల పట్టుకున్నాడు.

“మరి మీకేమి సంబంధం?”

“ఆమెకు ఎవ్వలు లేరు సాబ్. గందుకే నేనొచ్చిన.”

న్యాయమూర్తి మిల్లు స్థలం పటాన్ని ముందుకు జరుపుకుని చూశారు. సమాధిని మినహాయించి కొత్త పటం గీయమని ఆయన ఆజ్ఞాపిస్తుండగా, తల ఎత్తలేక దర్జీ పాదాలవైపు చూశాను. అతడు చెప్పులు బయటే విడిచి వచ్చాడు.