యాభై జట్టులో ఏసుకుమారి

మన పెద్దలు ఏడాదికి పేరు పెట్టారు. ప్రభవ, విభవ అంటూ అరవై పేర్లు తిరుగుతూనే ఉంటాయి. నేను తిరిగిన దేశాల్లో ఇలాంటి అలవాటున్నవాళ్ళు చైనావాళ్ళు తప్ప పెద్దగా కనిపించలేదు. జర్మనీలో, వాల్డార్ఫ్ పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో మాత్రం ఏడాదికి పేరు లేదు గాని మనుషులున్నారు. ఒకే ఏడాది పుట్టినవాళ్ళంతా అక్కడ ఒక జట్టు. యార్‌గాంగ్ అంటారు. యాభయ్యో ఏట, అరవయ్యో ఏట, డెబ్బయ్యో ఏట ఆ జట్టంతా కలిసి చర్చికి వెళ్తుంది. తమలో పోయినవాళ్ళ సమాధుల మీద పూలు పెడుతుంది. ఆ తర్వాత ఏ హోటల్లోనో చేరి పొద్దుగూకేదాకా తింటూ, తాగుతూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంది.

ఈ సంగతి నాకు చెప్పిన మనిషి ఏసుకుమారి.

2020 ఫిబ్రవరిలో మా మేనకోడలు సంయుక్తను చూద్దామని మూడు వారాలకు వెళ్ళి, విమానాలు ఆగిపోవడంతో తొమ్మిది నెలలు ఉండిపోయాను. ఒకచోట మూడు రాత్రులు నిద్రపోతే నాలుగోనాడు కాళ్ళు దురదపెట్టే మనిషిని. సంయుక్తకేమో పడకగదే ఆఫీసు. మామయ్యా, కాల్‌లో నీ దగ్గు వినిపిస్తోంది, అవతలివాళ్ళు భయపడుతున్నారు, కాసేపు అలా తిరిగి రారాదూ అని రోజూ బయటికి తోలేది. అలా తిరుగుతూ తిరుగుతూ మే నెలలో ఒకనాడు, ఊరి చివర అద్దెకిచ్చే తోటమడుల దగ్గర, గోంగూర చూశాను. ప్లాస్టిక్ గొడుగు కింద పసిపిల్లల్లా పెంచుతున్న నాలుగు వరసల నారు. కంచె పట్టుకుని నిలబడిపోయాను.

“ముట్టుకోకండి, ఇంకా లేతగా ఉందండీ,” అంది లోపలినుంచి ఒక గొంతు. అచ్చమైన గోదావరి గొంతు, అదీ యాభై ఏళ్ళ కిందటిది. ఇప్పుడా యాస అక్కడ కూడా అంత స్వచ్ఛంగా లేదు. సినిమాలు అరగదీశాయి. ఈమె దగ్గర మాత్రం ఊరగాయ జాడీలో దాచినట్టు అలాగే ఉండిపోయింది, మధ్యమధ్య జర్మన్ ముక్కలతో.

రాజోలు అవతల లంక ఊరు ఆమెది. 1969లో మిషన్ ఆసుపత్రికి వచ్చిన జర్మన్ సిస్టర్లు నర్సు చదువుకు అయిదుగురు పిల్లల్ని ఎంచితే వాళ్ళలో ఒకతె. నలభై ఏళ్ళు ఈ ఊరి ఆసుపత్రిలోనే పనిచేసింది. రైల్వేలో పనిచేసే హైంట్స్ అనే ఈ ఊరివాణ్ణి పెళ్ళాడింది. పిల్లల్లేరు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఊరివాళ్ళు పేరు నోరు తిరగక ఆమెని ‘మారీ’ని చేశారు. వార్డులో కన్నుమూసిన సగం ఊరికి ఆఖరి గుటక నీళ్ళు పోసింది ఈ మారీయే.

జట్టు మాట ఆమె దగ్గర ఎలా వచ్చిందంటే, ఆ అక్టోబరులో ఆమె జట్టు, అంటే 1950లో పుట్టినవాళ్ళు, డెబ్బయ్యో పండుగ చేసుకోవాలి. కరోనా వల్ల అది రద్దయింది. జట్టు పెద్ద విల్లి, రిటైరైన పోస్టుమాన్, ఊరుకోలేదు. మనం కలవలేకపోతే మన ఏడాదే ఒక పుస్తకంగా కలవాలి, 1950లో దేశంలో ఏం జరిగింది, మీ ఇంట్లో ఏం జరిగింది, మీ అమ్మ ఏం చెప్పేది, ఒక్కొక్కరు ఒక పేజీ రాసి ఆగస్టు చివరికి నా తపాలా డబ్బాలో వెయ్యండి అని ఇంటింటికీ చీటీ పంచాడు.

“అన్నగారూ, మీరు చదువుకున్నోరు కదా. యాబైలో ఈళ్ళ దేశంలో ఏం జరిగిందో కాస్త చెబుదురూ,” అని అడిగింది ఒకనాడు. ఆ చివర బెంచీ మీద నేను, ఈ చివర కుర్చీలో ఆమె, మధ్యలో రూలు ప్రకారం రెండు మీటర్లు.

నన్నటువంటి ప్రశ్న అడగకూడదు. మొదలుపెట్టాను. ఆ వసంతంలో పశ్చిమ జర్మనీలో రేషన్ కార్డులు పోయాయి. చివరిదాకా మిగిలింది పంచదార. బెర్లిన్‌లో రాజుల కోటని తూర్పువాళ్ళు మందుపాతర పెట్టి కూల్చారు. అదే ఊళ్ళో పశ్చిమవాళ్ళు అమెరికా నుంచి వచ్చిన పెద్ద గంట మోగించారు. ఒకే ఊరు, ఒకే శరత్తు, ఒకపక్క కూల్చిన చప్పుడు, ఒకపక్క గంట. యుద్ధం తర్వాత ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టుని మళ్ళీ ఆడనిచ్చింది ఆ నవంబరులోనే. స్టుట్‌గార్ట్ మైదానంలో లక్షమంది. స్విట్జర్లాండ్ మీద ఒకే ఒక్క గోలు. తూర్పునుంచి తరిమేస్తే వచ్చిన జనంతో ప్రతి ఇంట్లోనూ రెండు కుటుంబాలు, ఒకే పొయ్యి. మనకేమో జనవరిలో రిపబ్లిక్, ఉగాది నుంచి వికృతి నామ సంవత్సరం...

ఆమె చిన్న నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంది. రాసుకుని పెన్ను మూత పెట్టి, గోంగూర వైపు చూస్తూ, ఇందులో నేనెక్కడా లేనండీ అంది.

ఆమె పుట్టింది యాభైలో కాదు. యాభై మూడులో, ఆగస్టులో, గోదావరికి అంత పెద్ద వరద వచ్చినప్పుడు, గట్టు మీది బడిలో. సిస్టర్లు అడిగిన వయసుకి మూడేళ్ళు తక్కువైతే, వాళ్ళ చర్చి అయ్యగారు కాగితం మీద మూడేళ్ళు కలిపారు. పదహారేళ్ళ పిల్ల పందొమ్మిదేళ్ళదై విమానమెక్కింది.

నేను నవ్వాను. నవ్వకూడదని తర్వాత తెలిసింది. మా తరంలో సగంమంది జూలై ఒకటిన పుట్టినవాళ్ళమే, బడిలో చేర్చుకునే హెడ్మాస్టరు దయవల్ల. నాకు ఇంట్లో ఒక పుట్టినరోజు, బడిలో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి. ఇదేం పెద్ద పాపమని అన్నాను.

ఆమె నవ్వలేదు. పెళ్ళయిన కొత్తలో సంగతి చెప్పింది. ఊళ్ళో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, కాని ఆమె బజారుకెళితే మాటలు ఆగిపోయేవి. హైంట్స్ కూడా యాభైలో పుట్టినవాడే. జట్టు ముప్ఫయ్యో ఏట సరదాగా చేసుకున్న విందుకి భార్యగా వెంట వెళ్ళింది. విల్లి ఎందుకో పుట్టిన సంవత్సరం అడిగాడు. కాగితం మీదున్నదే చెప్పింది. అయితే నువ్వు ఇతని పెళ్ళానివిగా రాలేదు, నువ్వూ మా మనిషివే అంటూ కుర్చీ లాగి వరసలో కూర్చోబెట్టాడు. ఈ దేశంలో ఆమెని ఒకరు మా మనిషి అనడం అదే మొదలు. ఇప్పుడు పేజీ నిండా అబద్ధం రాయాలి. లేకపోతే ఆ కుర్చీలోంచి లేచిపోవాలి.

హైంట్స్‌కి చెప్పావా అని అడిగాను. పెళ్ళి కాగితాల మీద ఆ తేదీయే పడిందని, ఆ తర్వాత రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయాడని అంది.

చివరికి ఒకటి తేల్చుకుంది. ముందు రోస్వితాకి చెబుతుంది. రోస్వితా కూడా జట్టు మనిషే. ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసేది. వచ్చిన తొలిరోజునుంచీ స్నేహితురాలు. తుంటి విరిగి వృద్ధాశ్రమంలో ఉంది. ఆమె పోనీలే అంటే పేజీ రాస్తుంది. మొహం తిప్పుకుంటే జట్టు నుంచి తప్పుకుంటుంది.

ఆశ్రమంలో కలవడానికి టెర్మిన్, అంటే ముందుగా రాయించుకునే వేళ, దొరకడానికే మూడు వారాలు పట్టింది. ఒక్కరికే అనుమతి, అరగంట, తోటలో, పొడుగాటి బల్లకి చెరో కొసనా, మాస్కులతో. నేను కంచె బయట రోడ్డు పక్క బెంచీ మీద కూర్చున్నాను. నాకు జర్మన్ అరకొరగా వచ్చు. ఆవేళ ఆ అరకొరే సరిపోయింది, ఎందుకంటే రోస్వితాకి చెవుడు, ప్రతి మాటా విడదీసి అరవాల్సిందే; అందనిది తర్వాత ఏసుకుమారి పూరించింది.

యాభై ఏళ్ళు కడుపులో దాచుకున్న మాట చెవిలో చెప్పుకోవలసింది. కాని అది చెవిలో చెప్పే కాలం కాదు. ఏసుకుమారి మెల్లగా అంది. రోస్వితా ఏమిటీ అంది. మళ్ళీ అంది. మాస్కులో ఏం వినబడటం లేదే, గట్టిగా చెప్పు అంది. ఏసుకుమారి లేచి నిలబడి, రెండు చేతులూ బల్లకి ఆనించి, మొత్తం తోటకి వినబడేలా అరిచింది.

“నాకు డెబ్బై కాదు! అరవై ఏడు! నేను యాభైలో పుట్టలేదు!”

పక్క బల్ల దగ్గర ముసలాయన తల తిప్పాడు. పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. రోస్వితా మాత్రం కదల్లేదు.

“అరవయ్యారు,” అంది. “ఆగస్టు ఇంకా రాలేదుగా. నీ అసలు పుట్టినరోజు ఆగస్టే కదా? ప్రతి ఆగస్టులోనూ ఒకనాడు కేకు చేసుకొచ్చి, ఊరికే చేశానంటావు.”

ఏసుకుమారి కూలబడింది.

“పిచ్చిదానా, నీ యూనిఫారం అంచు విప్పింది ఎవరనుకున్నావు? ఏడాదిన్నరలో మూడుసార్లు విప్పాను. పందొమ్మిదేళ్ళ ఆడది నాలుగు వేళ్ళు పొడుగవుతుందా? పెద్ద సిస్టరు చూడకుండా పాత మడత గీత మీద ఇస్త్రీ పెట్టెతో కుస్తీ పట్టేదాన్ని.” ఆ ఊపులోనే అంది, “మీ ఆయనకి పెళ్ళికి ముందే చెప్పాను. ఆమే చెబుతుంది, చెప్పినప్పుడు నేను ఆశ్చర్యపోవాలి, మర్చిపోతే నాకు సైగ చెయ్యి అన్నాడు.”

ఏసుకుమారి మాస్కు పైన కళ్ళు తుడుచుకుంది. అక్కడితో అయిపోయిందనుకుని నేను లేవబోయాను. ఇంతలో రోస్వితా మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు తగ్గించి. అయినా చెవిటివాళ్ళ తగ్గించడం కదా, వినబడింది.

“మరి మార్చి నాలుగు ఎవరిది? యాభై ఏళ్ళుగా ప్రతి మార్చి నాలుగునా నీకు పూలిచ్చాం. ఆ తేదీ ఎక్కణ్ణుంచి వచ్చింది?”

లోపలినుంచి ఆయా వచ్చి ఇంకా పది నిమిషాలని చేత్తో చూపించి వెళ్ళింది.

“మా అక్కది.”

చర్చి అయ్యగారికి అబద్ధపు తేదీ రాయడానికి చెయ్యి రాలేదట. ఏసుకుమారి ఇంట్లోనే ఉన్న ఒక నిజమైన తేదీ తీసుకున్నాడు. అక్క పేరు శాంత. 1950 మార్చి నాలుగున పుట్టింది. వరద రోజున ఊరంతా బడిలోకి ఎక్కింది. తల్లికి నొప్పులు. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. మూడేళ్ళ పిల్ల మెట్లమీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడిస్తోందని అందరికీ తెలుసు. ఎవరో ఒకరు చూస్తున్నారని అందరూ అనుకున్నారు. చంటిది ఏడ్చిన తర్వాత గాని పెద్దది లేదని తెలియలేదు. ఏసుకుమారి తల్లి ఆ సంగతి కూతురికి ఒక్కసారే చెప్పింది, విమానమెక్కేముందు. అది వెళ్ళవలసిన చోటికి నువ్వెళ్తున్నావు, దాని పేరన వెళ్తున్నావు, బాగా చూసుకో అంది. దేన్ని చూసుకోమందో ఈమె అడగలేదు.

రోస్వితా ఓదార్చలేదు. పేరు ఇంకోసారి చెప్పమంది. శాంత. ఆమె నోట్లో అది ‘షాంటా’ అయింది. మళ్ళీ మళ్ళీ అని సరిచేసుకుంది.

“అయితే మా జట్టు మనిషి ఆమె,” అంది. “ఆమె గురించి రాయి. ఆమె వంతు పేజీ అది.”

ఏసుకుమారి ఆ పేజీ రాయడానికి పదకొండు రోజులు పట్టింది. రేషన్, గంట, ఫుట్‌బాల్, నేను చెప్పినవేవీ అందులో లేవు. మార్చిలో పుట్టిన పిల్లకి లంకలో ఆ ఎండాకాలం పడవ తెరచాప గుడ్డతో ఉయ్యాల కట్టారని, పుచ్చకాయ గుజ్జు నాకించేవారని, ఎవరు ఎత్తుకున్నా పోయేదని, తల్లి ఆ ఒక్కసారి చెప్పిన మూడు నాలుగు సంగతులే. అడుగున, ఈ పేజీ రాసినది 1953లో పుట్టిన ఆమె చెల్లెలు అని. విల్లి డబ్బాలో వేసి వచ్చిన రోజు అన్నం తినలేదని తర్వాత చెప్పింది. ఆ పైన రెండు నెలలు దాటినా విల్లి నుంచి ఉలుకూ పలుకూ లేదు. తోటలో కలిసినప్పుడల్లా, తప్పించేసుంటారండీ, చెప్పడానికి మొహమాటపడతన్నారు అనేది.

అక్టోబరు చివర విల్లి స్వయంగా వచ్చాడు, సైకిల్ మీద, పుస్తకం సంచిలో పెట్టుకుని. గడప అవతలే నిలబడి, సమాధుల మీద పూలు పెట్టడానికి ఈసారి జట్టులోంచి ఇద్దరికే వీలవుతుంది, నా మోకాళ్ళు వంగవు, జట్టులో చిన్నదానివి నువ్వేనని పుస్తకం చదివాక తెలిసింది కాబట్టి వంగే పని నీదే అన్నాడు. మూడేళ్ళు చిన్నదాన్నని దాచి రెండు పండుగలు ఆ పని ఎగ్గొట్టావు కదా అని కూడా అన్నాడు. పుస్తకం చివర ‘మనలో పోయినవారు’ అని ఒక పట్టిక. పదకొండు పేర్లు తేదీల వరసలో. వాటన్నిటికంటే పైన, మొట్టమొదట పోయిన మనిషిగా, శాంత.

మర్నాడు శ్మశానానికి ఏసుకుమారి నన్నూ రమ్మంది, మొయ్యడానికి. ఎరికా అని గులాబిరంగు పూల చిన్న కుండీలు, శరత్తులో అక్కడ అందరూ పెట్టేవే. విల్లి లెక్క ప్రకారం పన్నెండు తెచ్చాడు. ఊళ్ళో ఉన్న సమాధులు పదకొండు. అతను పేర్లు చదువుతూ ముందు నడిచాడు, ఆమె వంగి పెడుతూ వెళ్ళింది, నేను చెక్కపెట్టె మోశాను. వాన తుంపర పడుతోంది. శాంత పేరు పట్టికలో మొదటిదైనా దాన్ని ఆఖరికి అట్టేపెట్టి చదివాడు విల్లి, సరిగ్గానే పలికాడు. రోస్వితా ఫోనులో నేర్పిందట.

పన్నెండో కుండీ నా పెట్టెలో మిగిలింది. ఎక్కడ పెట్టాలో విల్లికీ తోచలేదు. శిలువ దగ్గర పెడదామా, గేటు దగ్గరి రాతి మీద పెడదామా అని అటూ ఇటూ చూశాడు.

ఏసుకుమారి దాన్ని నా దగ్గర తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచి, హైంట్స్ సమాధి దగ్గర ఆగింది. ఇందాక పెట్టిన కుండీని కొంచెం పక్కకి జరిపి దీన్ని ఆనించి పెట్టింది. రెంటి మధ్యా మట్టి అరచేత్తో సర్దింది.

“మూడేళ్ళ పిల్లండీ. ఒక్కత్తినీ ఎక్కడని వదుల్తాం?” అంది లేస్తూ. “ఈయనకి పిల్లలంటే ఇష్టం.”