మెదార్దో బొటనవేలు

పదకొండేళ్ళు వరసగా ఓడి, పన్నెండో ఏట ఇటలీలోని మా పియెమొంతె సీమ పశువుల సంతలో మొదటి బహుమతి కొట్టినవాడు మెదార్దో. ఆ తర్వాత ఆరుసార్లు ఆ పతకం మా ఊరు దాటి పోలేదు. ఇంకే ఊరికైనా ఉందా ఈ ఘనత? కండ పెరిగింది చాలు, ఇక ఆగమని ఒంటికి చెప్పే చిన్న ప్రోటీన్ ఒకటుంది. మా తెల్ల పశువుల్లో అది పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది, అందుకే వాటి తొడలు రెట్టింపు. ఆ తొడల్లో బొటనవేలు గుచ్చి చూడటం మెదార్దో అలవాటు. ఒక పెళ్ళిలో బక్కపలచని తోడల్లుణ్ణి కూడా అలాగే గుచ్చి, "నీలో ఆ ప్రోటీన్ మహా చురుగ్గా ఉందిరా!" అని పదిమందినీ నవ్వించాడు.

పశువుల డాక్టరమ్మ ఎలీదె వద్దంటున్నా, ఇరుకు నడుము పెయ్య బ్రూనాకి అన్నిటికన్నా లావు తొడల ఆంబోతునే దాటించాడు. నవంబరులో ఈనేవేళ దూడ తొడల దగ్గర ఇరుక్కుపోయింది.

"కడుపు కోసి తీస్తాను బాబాయ్, రెండూ బతుకుతాయి," అంది ఎలీదె.

"కుట్ల మచ్చున్న ఆవుకి బహుమతి ఎవడిస్తాడే? లాగు!"

తాళ్ళు కట్టి లాగారు. వెనక కాళ్ళు చచ్చుబడి బ్రూనా అరుస్తుంటే, అతను తడి దూడ తొడలో వేలు గుచ్చి మురిసిపోయాడు. లేవబోయిన బ్రూనా అతని మీదే కూలింది. అతని తొడ ఎముక విరిగింది.

ఆసుపత్రి మంచంమీద ఆ కాలు కండ కరిగి పుల్లలా అయిపోయింది. చూడటానికొచ్చిన ఎలీదె దుప్పటి తీసి, తొడలో బొటనవేలు గుచ్చింది.

"నీలో ఆ ప్రోటీన్ మహా చురుగ్గా ఉంది బాబాయ్."

"అది సరేగానీ, బ్రూనా సంతకి లేస్తుందా?"

"వస్తుందిలే. కసాయి దగ్గరుంది, ఆ పొద్దున సంత విందు గంగాళంలో ఉడుకుతుంది."

డాక్టర్లు అతన్ని ఇంటికి పంపేదీ సంతరోజే, డిసెంబరు పన్నెండున.