చెప్పుల పద్దు

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వాడిన మాట "ఏం లేదులే". అది మా చెల్లెలికి మేం ఇచ్చే జవాబు. దానికి పుట్టుకతోనే చెవులు వినపడవు. పదిమంది కూచుని నవ్వుతుంటే అందరి మొహాలూ చూసి, దగ్గరున్న వాళ్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. మేం చెయ్యి ఆడించి "ఏం లేదులే" అనేవాళ్లం. నవ్విన సంగతిని మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక మాలో ఒక్కరికీ లేదు.

తిరుపతిలో మా నాయనకు బెల్లం, చింతపండు అమ్మే కొట్టు ఉండేది. డెబ్బైల చివర్లో మా వీధి బడికి, చెవిటి పిల్లలకు చదువు చెప్పడానికని ప్రత్యేకంగా ఒక టీచరును వేశారు. ఆయన కుర్చీ వచ్చింది, రిజిస్టర్లో ఆయన పేరు ఎక్కింది, ఆయన మాత్రం రాలేదు. అడిగినప్పుడల్లా హెడ్మాస్టరు "డిప్యుటేషన్ మీద చిత్తూరికి పోయినాడప్పా, వస్తాడు" అనేవాడు. మా చెల్లెలు ఆ ఖాళీ కుర్చీలో కూచుని పలక మీద కోళ్ల బొమ్మలు గీసేది.

చూసి చూసి నాయన ఒక పెద్దామెను ట్యూషనుకు కుదిర్చాడు. ఆమె మద్రాసులో చెవిటి పిల్లల బడిలో పనిచేసి రిటైరై వచ్చింది. ఆమె పద్ధతి తేలిక. వస్తువు చూపించి పేరు పలుకుతుంది, పాప ఆమె పెదాలు చూస్తూ, గొంతు మీద చెయ్యి పెట్టి నేర్చుకుంటుంది. తర్వాత ఆమె ఉట్టి పేరు పలికితే చాలు, పాప వెళ్లి ఆ వస్తువు తేవాలి. గిన్నె, పలక, చెప్పు, చీపురు. సాయంత్రానికల్లా మా ఇంటి సామాన్లన్నీ నడవలోకి చేరేవి. అమ్మ అట్లకాడ కోసం వంటింట్లో వెతకడమే మానేసింది.

మా అవ్వకు ఇదంతా నచ్చలేదు. "చెవిటోడి ముందర శంఖం ఊదినట్టు, దుడ్డంతా యాడికి పోతాండాది?" అని సణిగేది. ఆ యేడు కొట్టు కూడా సరిగ్గా సాగలేదు. ఇంక ట్యూషను మాన్పించక తప్పదనే దాకా వచ్చింది. అప్పుడు పుట్టింది నాయనకు ఆలోచన. రాని టీచరుకు గవర్నమెంటు జీతం ఇస్తోంది కదా, మరి వచ్చిన పెద్దామెకు తను ఇచ్చిన ఫీజు తిరిగి అడిగితే తప్పేంటి?

"గవర్నమెంటుకు మనం కట్టేదే గాని, అది తిరిగి ఇచ్చింది యాడన్నా సూసినావా అప్పా?" అని పక్క కొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నాయన అర్జీ రాసుకుని, చెల్లెల్నీ నన్నూ వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు. దాని మాట బయటివాళ్లకు అర్థం కాదు కాబట్టి నేను దుబాసీని.

ఆఫీసులో గుమాస్తా మా అర్జీ అందుకోకముందే "తిరపతి నుంచా? లడ్లు తెచ్చినారా?" అన్నాడు. తిరుపతిలో ఉండేవాళ్లు కొండకు వెళ్లేది చుట్టాలొచ్చినప్పుడేనని ఈ లోకానికి ఎవరు చెప్పాలి? తర్వాత అర్జీ చదివాడు. చదువుతుండగానే మొహం పాలిపోయింది.

"ఈ టీచరు నేనేనప్పా" అన్నాడు మెల్లగా.

దస్తూరి ముత్యాల్లా ఉందని ఆఫీసరు ఆయన్ను తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడట. ఆయన రాలేదన్న అర్జీ మీద నోటు రాయాల్సింది కూడా ఆయనే. నాకు ఒళ్లు మండింది. నాయన మాత్రం "మంచిదే సార్, కాయితం చేరాల్సినోళ్లకే చేరింది" అన్నాడు.

ఆఫీసరు లావుపాటి మనిషి. చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని కూచున్నాడు.

"పాప మాట్లాడతాదా?"

"మాట్లాడతాది సార్" అన్నాడు నాయన.

"అయితే నేర్చుకునింది గదా. ఇంక నష్టమేముండాది?"

"నేర్పింది ఆ పెద్దామె సార్."

"నేర్పిందని నమ్మకమేంది? నేనే అడిగి చూస్తా."

అదీ లెక్క. చెల్లెలు మాట్లాడితే నష్టం లేదు, మాట్లాడకపోతే ట్యూషను దండగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆఫీసరు ముందుకు వంగి, నోరు బాగా తెరిచి, "చెప్పు పాపా, చెప్పు" అన్నాడు.

చెల్లెలి మొహం వెలిగిపోయింది. దానికి తెలిసిన మాట. గబుక్కున బల్ల కిందికి దూరి ఆయన చెప్పు ఒకటి తెచ్చి, మా అర్జీ మీదే పెట్టి, బొంగురు గొంతుతో "చెప్పు" అంది. ఎవరూ మెచ్చుకోకపోయేసరికి మళ్లీ దూరి రెండోదీ తెచ్చింది.

మా వైపు చెప్పు చూపిస్తే తలకాయలు పగులుతాయి. ఆఫీసంతా బిగుసుకుపోయింది. నాయన రెండు చేతులూ జోడించాడు. నేను తడబడుతూ, "దానికి చెప్పంటే అదొక్కటే తెలుసు సార్. చెప్పడం అనేది చూపించడానికి వస్తువు లేదు గదా. అది ఇంకా నేర్చుకోలేదు" అన్నాను.

ఆఫీసరు చెప్పుల వంక చూశాడు, పాప వంక చూశాడు. పొట్ట అదిరేలా నవ్వాడు. ఆయన నవ్వాక ఆఫీసంతా నవ్వింది. చెల్లెలు నా గడ్డం పట్టుకుని తిప్పింది. నేను అలవాటు కొద్దీ "ఏం లేదులే" అన్నాను.

ఆఫీసరు కళ్లు తుడుచుకుని అసలు చిక్కు విప్పాడు. "టీచరు రాలేదని రాస్తే, యాడుండాడని పైనోళ్లు అడుగుతారు. ఈడ నా దగ్గరే ఉండాడని తెలిస్తే నా మెడకే సుట్టుకుంటాది. పైగా ట్యూషనుకు పద్దు లేదు." ఆయన చూపు మళ్లీ బల్ల మీదికి పోయింది. "పోలియో పిల్లోళ్లకు చెప్పులు కుట్టించే పద్దు ఒకటుండాది. దాంట్లో దుడ్డు అట్లే ఉండాది. మీ ఫీజు దాని కింద రాసేస్తాం."

"నా బిడ్డ కాళ్లు బాగుండాయి సార్" అన్నాడు నాయన.

"బాగుంటే మంచిదే గదప్పా. సంతకం పెట్టు."

టీచరు రాలేదన్న ఒక్క ముక్క సర్కారు కాగితం మీద చూడాలని నాయన కోరిక. కాసేపు పెన్ను పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. చెల్లెలు చెప్పుల్ని సరిజేసి పక్కపక్కన పెడుతోంది. దాన్ని చూసి సంతకం పెట్టాడు. నోటు మా టీచరే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మా చెల్లెలికి ఆయన చేసిన మేలు అదొక్కటే.

అలా, కాగితాల ప్రకారం, జిల్లాలో అంత ఖరీదైన చెప్పులు తొడిగిన పిల్ల మా చెల్లెలే. నిజానికి దాని కాళ్లకున్నది పిన్నీసు పెట్టిన రబ్బరు చెప్పులు. పెద్దామె మాత్రం మరుసటి యేడూ వచ్చింది.

ఆ యేడే ఒక సాయంత్రం చుట్టాలొస్తే నాయన ఈ కథ ఎత్తుకున్నాడు. అందరూ విరగబడి నవ్వారు. చెల్లెలు లేచి వచ్చి, నాయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"చెప్పు" అంది.

అమ్మ గడప దగ్గరున్న చెప్పుల వైపు చూసింది. చెల్లెలు అటు చూడనే లేదు.

"చెప్పు" అంది మళ్లీ, ఆయన పెదాల మీద నుంచి కళ్లు తిప్పకుండా.

నాయన నవ్వు ఆగిపోయింది. "ఏం లేదులే" అనలేదు. దాన్ని ఎదురుగా కూచోబెట్టుకుని, బస్సెక్కిన దగ్గర్నుంచి, ఒక్కో మాటా పెదాలు బాగా కదిలిస్తూ మొదలుపెట్టాడు. చుట్టాలు చల్లారిన కాఫీలు పట్టుకుని ఓపిగ్గా కూచున్నారు. బల్ల కింద చెప్పుల దగ్గరికి వచ్చేసరికి అది పకపకా నవ్వింది, మేమూ దాంతోపాటు ఇంకోసారి నవ్వాం.